పెద్ద తెర ఉన్న క్లాసులో రాయడం నేర్పబోతున్న నీకు

అమ్మడూ,

మెగా డీఎస్సీ 16,347 పోస్టుల్లో ఒకటి నీకొచ్చిందని, అదీ స్కూల్ అసిస్టెంట్ తెలుగు అని మీ అమ్మ ఫోన్ చేసిన రోజు నాకే మళ్ళీ ఉద్యోగం వచ్చినంత సంబరమైంది. మొన్న నువ్వు అడిగినదానికి జవాబు ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను. "క్లాసులో ఇంత పెద్ద ప్యానెల్ ఉంది, ఇంటింటికీ ఫోనుంది, అయినా పిల్లలు సొంతంగా అయిదు వాక్యాలు రాయలేకపోతున్నారు పెద్దమ్మా" అన్నావు కదా. రిటైరయ్యే ముందు మూడేళ్ళూ నేను కుస్తీ పట్టింది దీంతోనే.

ఒకసారి ఎనిమిదో తరగతికి కాలుష్యం మీద స్వీయరచన ఇచ్చాను. మర్నాడు చూస్తే పదకొండు పుస్తకాలు "నేటి ఆధునిక యుగంలో మానవాళి ఎదుర్కొంటున్న ప్రధాన సమస్యలలో" అంటూ ఒకేలా మొదలయ్యాయి. ఒక పిల్లని దగ్గరికి పిలిచి, మానవాళి అంటే ఏంటమ్మా అన్నాను. తల దించుకుంది. పోనీ, మీ ఇంటి దగ్గర ఊపిరాడని రోజు ఎప్పుడైనా ఉందా అన్నాను. "కల్లంలో మిరపకాయలు కుప్పపోసి తాలు ఏరేటప్పుడు టీచర్. మా తమ్ముడు రాత్రంతా దగ్గుతాడు. నానమ్మ వాడి ముక్కుకి తడిగుడ్డ కడుతుంది" అంది గబగబా. అదే రాయమన్నాను. నాలుగు వాక్యాలు రాసింది, ఏడు తప్పులున్నాయి. ఆ పుస్తకాన్ని మాత్రం రెండుసార్లు చదివాను. తప్పు ఆ పదకొండు మందిది కాదు. నా ప్రశ్న ఎవరికైనా సరిపోయేంత పెద్దదిగా ఉంది, అందుకే ఫోను దానికి సులువుగా జవాబిచ్చేసింది. ఆ తర్వాత "నీటి పొదుపు" అని ఇవ్వడం మానేసి, "మీ వీధి కుళాయి దగ్గర నిన్న ఏం జరిగింది" అని ఇచ్చాను. ముందు ప్రశ్న మార్చు, మిగతావి తర్వాత.

ప్యానెల్ మీద వీడియో వేసి పక్కన నిలబడటం అలవాటు చేసుకోకు. పాఠం వీడియోలు దీక్షా యాప్‌లో బోలెడు ఉన్నాయి, అవసరమైనప్పుడు వాడు. కానీ రాయడం నేర్పడానికి ఆ తెరకి ఇంకో గొప్ప ఉపయోగం ఉంది. ఒక పిల్లాడి పుస్తకంలో పేజీని, వాడిని అడిగి, పేరు కనపడకుండా ఫోటో తీసి తెర మీద పెట్టు. మొదట అందులో బాగున్న వాక్యం ఏదో క్లాసుని చెప్పనివ్వు. తర్వాత ఒకే ఒక్క వాక్యాన్ని అందరూ కలిసి మార్చనివ్వు. "మా తాత మంచివాడు" అనేది పావుగంటలో "మా తాత బీడీ తాగేటప్పుడు నన్ను దూరంగా కూర్చోమంటాడు" అయిన రోజు నాకింకా గుర్తుంది. రాసినదాన్ని మళ్ళీ రాయొచ్చని, అది శిక్ష కాదని పిల్లలకి అప్పుడే తెలుస్తుంది.

ఒత్తుల సంగతి. చాలామంది పిల్లలు ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకుంటారు. అప్పుడు ల కావాలో ళ కావాలో, న కావాలో ణ కావాలో ఫోనే తేల్చేస్తుంది. పిల్లాడి బుర్రకి పని ఉండదు. అందుకని తెలుగు కీబోర్డే పెట్టించు. తెర మీద "స్త్రీ" అని మెల్లగా కొట్టి చూపించు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. ఆరు నొక్కులు. పొల్లు పడ్డాక వచ్చిన త, స కిందికి ఒత్తుగా దిగిపోవడం కళ్ళారా చూస్తారు. నేను ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద చెప్పినా ఎక్కనిది కొందరికి ఆ ఒక్క పూటలో ఎక్కింది. కానీ ఆ వెంటనే పుస్తకంలో చేత్తో అయిదుసార్లు రాయించు. ఉక్తలేఖనం వారానికి ఒకటైనా ఉండాలి, దాన్ని వదలకు.

నోటితో కథలు చెప్పి, పెన్ను పట్టగానే బిగుసుకుపోయే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్ళకి వాయిస్ టైపింగ్ వరం. వాడు చెప్తుంటే తెర మీద అక్షరాలు పడతాయి. వాక్యం ఎక్కడ ఆగాలో మాత్రం ఫోనుకి సరిగ్గా తెలియదు. ఆ చుక్కలు పెట్టే పని వాడికే ఇవ్వు. గట్టిగా చదువుకుంటూ పెడతాడు. యాస మాటల్ని ఫోను తప్పుగా వింటుంది, అక్కడ నువ్వు పిల్లాడి పక్షాన ఉండు. జనం మాట్లాడే భాష బడిలోకి రావాలని గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడారు. తెలుగు భాషా దినోత్సవమని ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేసి, ఆగస్టు 30న పిల్లాడి ఇంటి మాటని ఎర్రపెన్నుతో కొట్టేయడం నాకు మనసొప్పదు.

ఇక ఏఐ చాట్‌లు. ఇది పిల్ల రాసిందా మెషీన్ రాసిందా చెప్పేస్తామనే సాఫ్ట్‌వేర్లని నమ్మి ఎవరినీ దొంగని చేయకు. అనుమానం వస్తే పక్కన కూర్చోబెట్టి, ఈ వాక్యం నాకు విడమరిచి చెప్పమ్మా అను, చాలు. పిల్లల పేర్లు, ఫోటోలు వాటిలో ఎక్కించకు. పెద్ద క్లాసులకి ఛందస్సు చెప్పేటప్పుడు మాత్రం ఒక పని చెయ్యి. ఉత్పలమాలలో ఒక పద్యం రాయమని దాన్ని అడిగి తెర మీద పెట్టు. భ ర న భ భ ర వ గణాలు పడ్డాయా, పాదానికి ఇరవై అక్షరాలున్నాయా, పదో అక్షరానికి యతి కుదిరిందా, పిల్లల్నే గురులఘువులు వేసి తేల్చమను. నేను నాలుగైదుసార్లు చేయించాను, ప్రతిసారీ ఎక్కడో ఒకచోట గణం తప్పింది. దాన్ని పట్టుకోవడానికి వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి తెర దగ్గరికొచ్చారు. గణవిభజన అంటే టెన్షన్ పడే పిల్లలే!

ప్రశ్నపత్రాలు డీటీపీ వాళ్ళ పాత 'అను' ఫాంట్లలో కాకుండా, ఏ ఫోన్లోనైనా కనపడే యూనికోడ్‌లో టైప్ చేసుకో, లేకపోతే ఇంకొకరి ఫోన్లో పిచ్చి గీతలొస్తాయి.

ఇవన్నీ చేసినా దిద్దడం తప్పదు తల్లీ. నలభై పుస్తకాల్లో అన్ని తప్పులూ దిద్దబోతే నీకు నిద్రుండదు, పేజీ నిండా ఎరుపు చూసి పిల్లలు హడలిపోతారు. ఒక వారం ఒత్తులు, ఒక వారం వాక్యం ముగింపు, అంతే. కానీ ప్రతి పుస్తకం కింద నువ్వు నిజంగా చదివావని తెలిసే మాట ఒకటి రాయి. ఆ మిరపకాయల పిల్ల పుస్తకంలో నేను "తమ్ముడికి ఇప్పుడు దగ్గు తగ్గిందా?" అని రాశాను. మర్నాడు నేను అడక్కుండానే ఒక పేజీ జవాబు రాసుకొచ్చింది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ ఆరో తరగతి పుస్తకాలు ఓ పది సంచిలో వేసుకురా. అరిసెలు వండటం అయ్యాక వాకిట్లో కూర్చుని కలిసి దిద్దుదాం.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ