సెల్లార్ మార్పులు: గోడలకన్నా ముందు తేమ సంగతి తేల్చండి

పిల్లల ఆటస్థలం, మీ ఆఫీసు గది, అతిథుల పడకగది మూడూ సెల్లార్‌లోనే కుదరాలని, అడ్డుగోడలు ఎక్కడ పెట్టాలో తేలడం లేదని రాశారు. అడ్డుగోడల మాట కాసేపు పక్కన పెట్టండి. అడుగున్నర పొడవు, వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ షీటును కాంక్రీటు నేల మీద పరచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. ఒక రోజు తర్వాత ఎత్తి చూడండి. షీటు అడుగున చెమ్మ ఉంటే అది నేలలోంచి వస్తున్నట్టు. పైన ఉంటే గదిలోని గాలిదే. మొదటిదైతే బయట వాననీరు గోడకు దూరంగా పారేలా చేయకుండా లోపల పైసా ఖర్చు పెట్టవద్దు. నేను తొందరపడి కార్పెట్ వేయించి, ఒక్క వానాకాలంలోనే బూజుతో సహా పీకి పారేశాను. టైల్స్ వేసి, మీద చిన్న తివాచీ పరచుకోవడం మేలు.

ఇక అమరిక. ఆటస్థలం మెట్ల దగ్గరే ఉండాలి, పైనుంచి ఒక కన్ను వేయవచ్చు. ఆఫీసు గది దూరపు మూలకు. అతిథులు ఏడాదికి ఎన్ని రాత్రులు ఉంటారు? వారికోసం విడిగా గది ఎందుకు, ఆఫీసులోనే సోఫా మంచం చాలు. అయితే ఎవరైనా నిద్రపోయే గదికి, మంటలు వస్తే మనిషి దూరి బయటపడగలిగేంత కిటికీ తప్పనిసరి. దాని కొలతలు మీ ప్రాంత నిబంధనల్లో చూడండి.

నీటి వాల్వులను, కరెంటు బోర్డును మాత్రం గోడలో కప్పేయకండి.