కస్టమ్స్ అధికారుల పని సుంకం వసూలు చేయడమేనా?

కాదు. సుంకం సగం పని మాత్రమే. ఏ సరుకు దేశంలోకి రావచ్చు, ఏది బయటికి పోకూడదు అని చూడటం మిగతా సగం.

విదేశీ యంత్రమొకటి విశాఖ పోర్టులో దిగిందనుకోండి. దిగుమతిదారు ఆన్‌లైన్‌లో బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే సరుకు వివరాల పత్రం వేస్తాడు. అది ఏ సరుకు, టారిఫ్‌లో (సుంకాల పట్టికలో) ఏ కోడ్ కిందికి వస్తుంది, అసలు విలువ ఎంత అన్నది అధికారులు చూస్తారు. సుంకం ఎక్కువగా విలువ మీద శాతంగా పడుతుంది కాబట్టి ధర తగ్గించి చూపించేవాళ్లు ఉంటారు. అసలు పేచీ అక్కడే. ప్రతి పెట్టే విప్పరు. అనుమానం ఉన్నవే స్కానింగ్‌కో తనిఖీకో వెళ్తాయి.

ఎగుమతుల్లో మనకు బాగా తెలిసింది ఎర్రచందనం. కాగితాల్లో వేరే సరుకు పేరు, కంటైనర్ సీలు తీస్తే లోపల దుంగలు! శేషాచలం అడవికి పోర్టులో ఆఖరి కాపలా వీళ్లే. 1962 కస్టమ్స్ చట్టం కింద సరుకు జప్తు చేయొచ్చు, అరెస్టు కూడా చేయొచ్చు.

ఈ వ్యవస్థ మనకు కొత్తేం కాదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాక్కునేవారట. ఆయన అది మాన్పించి, నిర్ణీత సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని వర్తకులకు మాటిచ్చాడు. నాకు ఆ శాసనమంటే చాలా గౌరవం.