సీసాలు కడిగే మిషన్‌కు వైఫై ఎందుకు?

ప్రశ్న: మాది అచ్చంపేట. నన్నారి షర్బత్ చేసి గాజు సీసాల్లో అమ్ముతాం. అమెరికాలో ఇంట్లో బీరు తయారు చేసుకునే ఒకాయన సీసాలు కడిగే మిషన్ వీడియో పెడితే, అది చూసి నేనూ చేశాను. టబ్బులో కూలర్ పంపు, పైన పీవీసీ పైపులు, పన్నెండు సీసాలు బోర్లించే ఏర్పాటు. పంపును ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే వైఫై రిలే బోర్డుకు కలిపాను. బజారు నుంచి కూడా ఆన్ చేసుకోవచ్చని రూటర్‌లో పోర్ట్, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి బోర్డుకు దారి, తెరిచాను. ధార సీసా అడుగుదాకా పోవడం లేదు. కరెంటు పోయి వస్తే పంపు దానంతటదే నడుస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ధార సంగతి ముందు. పంపు డబ్బా మీద ఆరడుగులు అని రాసి ఉంటే, అది నీళ్లు ఇక పైకి ఎక్కలేక ఆగిపోయే ఎత్తు. దాన్ని పన్నెండు పైపులకు పంచితే సీసా మెడ కూడా తడవదు. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండే 12 వోల్టుల పంపు కొని, ఒకసారికి నాలుగు సీసాలే పెట్టండి. కొత్తదే కొనాలి. పొలంలో వాడిన పంపు ఎంత కడిగినా తాగే సీసాలకు పనికిరాదు. బోరు నీళ్లయితే రంధ్రాల చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే వదులుతుంది. అందులో బ్లీచింగ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.

నా టెన్షన్ అంతా మీరు పంపిన ఫొటో చూశాకే. నీలం టబ్బు అంచున చెక్క, దాని మీద మూత లేని రిలే బోర్డు, వైరు బిగించిన స్క్రూల మీద నీటి చుక్కలు. ఆ స్క్రూల్లో 230 వోల్టులున్నాయి. వీడియో చేసినాయన ఇంట్లో 120 వోల్టులే. పైగా అక్కడ కొత్తగా కట్టే ఇళ్లలో వంటగది సాకెట్లకు లీకేజీ అయితే కరెంటు తెంపేసే రక్షణ తప్పనిసరి. మన పాత ఇళ్లలో చాలావాటికి ఆ పని చేసే స్విచ్, ఆర్‌సీసీబీ, లేనే లేదు.

దీనికి తోడు పోర్ట్ తెరిచారు. ఇలాంటి బోర్డులకు వీడియోల కింద ఇచ్చే కోడ్ చాలావరకు పాస్‌వర్డ్ అడగదు. ఆ చిరునామా తగిలిన ఎవరికైనా ఆన్ బటన్ కనిపిస్తుంది. “మా ఊళ్లో మా పంపుతో ఎవరికేం పని?” అని నాకు రాసేవాళ్లు ఎందరో. మిమ్మల్ని ఎవరూ వెతకరు. తెరిచి ఉన్న పోర్టుల కోసం ప్రోగ్రాములు రాత్రింబవళ్లు ఇంటర్నెట్ అంతా గాలిస్తుంటాయి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము), కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రూటర్లను లక్షల్లో పట్టుకుంది. మీ దగ్గర మార్చడానికి పాస్‌వర్డే లేదు. ఎక్కడివాడో బటన్ నొక్కే వేళకు మీ ఇంటామె చేతులు టబ్బులో ఉండొచ్చు.

కరెంటు రాగానే దానంతటదే నడవడమూ ఇలాంటిదే. బోరు మోటార్ల ఆటో స్టార్టర్లతో మన రైతులు ఎంత అవస్థ పడ్డారో పాలమూరు జిల్లాలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు వాటిని తీసేయమని ఊరూరా చెప్పారు. ఇప్పుడు అదే అలవాటును స్మార్ట్ ప్లగ్గుల్లో, రిలే బోర్డుల్లో సౌకర్యమంటూ పెట్టి అమ్ముతున్నారు. లైటుకైతే సరే. నీళ్లలో ఉండే మోటారు కరెంటు వచ్చాక ఆఫ్‌లోనే ఉండాలి, మనిషి వెళ్లి నొక్కితేనే నడవాలి. సెట్టింగుల్లో ఎక్కడో అడుగున దాచిన ఆప్షన్‌ను వాడేవాడే వెతుక్కోవాలనే డిజైన్ నాకు ఒళ్లు మండిస్తుంది. పైగా టబ్బు ఖాళీగా ఉన్నప్పుడు నడిస్తే కూలర్ పంపు కాలిపోతుంది.

పోర్ట్ ఇవాళే మూసేయండి. రిలే బోర్డు తీసి పక్కన పెట్టండి. 12 వోల్టుల పంపుకు కాలితో తొక్కే స్విచ్ పెట్టండి, తొక్కినంతసేపే నడుస్తుంది. అడాప్టర్‌ను నీళ్లు చిందని గోడకు, ఛాతీ ఎత్తున బిగించండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. అది పెట్టేదాకా సీసాలు బ్రష్‌తోనే కడగండి.