కారవాన్ చేయించుకుంటున్న మేనకోడలికి

విశాఖపట్నం

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య అనేక ఆశీస్సులు.

మా అక్కయ్యను, అంటే మీ అమ్మను వెంటబెట్టుకుని దేశం చూడాలన్న కోరికతో నువ్వూ అల్లుడుగారూ మోటార్ కారవాన్, అంటే పడక, వంట వసతులున్న ఇల్లులాంటి బండి, చేయించుకుంటున్నారనీ, గాజువాక ఆటోనగర్ షెడ్డులో ఛాసీ (ఇంజనూ చక్రాలూ ఉన్న అడుగుభాగం) మీద ఇనుప చట్రం నిలబెట్టడం పూర్తయిందనీ నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. పరుపుల రంగు గురించీ, లోపలి దీపాల గురించీ నువ్వు అడిగినవాటికి నాకంటే మీ అమ్మే బాగా చెప్పగలదు. బండిని ఎలా పరీక్షించి తీసుకోవాలో మాత్రం, ఉద్యోగకాలమంతా ఓడల తనిఖీలో గడిపినవాడిగా నేను చెప్పగలను. ఉత్తరం పొడవుగా ఉందని విసుక్కోకుండా చివరిదాకా చదువు.

ఇలాంటి బండిలో పాడయ్యేవి ఎక్కువగా కప్పేసిన అతుకులే. అందుచేత లోపలి పలకలు బిగించకముందే వెళ్ళి చూడాలి. బిగించిన తరువాత నీటితోనూ, బరువు తూచే కాటాతోనూ, ఘాట్ రోడ్డుతోనూ పరీక్షించాలి. అవన్నీ అయ్యేదాకా చివరి విడత సొమ్ము మీ చేతిలోనే ఉండాలి.

కారవాన్‌లో ఒక ఇంటికి ఉండే అతుకులన్నీ ఉంటాయి, అవన్నీ రోడ్డు మీద కుదుపులు తింటూనే ఉంటాయి. కార్ల కర్మాగారంలో ఒకే నమూనాను యంత్రాలు లక్షల సంఖ్యలో తయారుచేస్తాయి. కారవాన్‌ను వెల్డరు, వడ్రంగి, ఎలక్ట్రీషియన్, ప్లంబరు ఒకరి తరువాత ఒకరు చేత్తో చేస్తారు, ఒకరి పనిని తరువాత వచ్చినవాడు కప్పేస్తాడు. ఇది మన ఊరి షెడ్లకే ఉన్న లోపమని అనుకోవద్దు. అమెరికాలో ఈ రకం బళ్ళలో అధికభాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతంలో తయారవుతాయి. అక్కడి కర్మాగారాల్లో చేసిన పని లెక్కన కూలి ఇచ్చే పద్ధతి ఎన్నాళ్ళుగానో ఉంది. కోవిడ్ కాలపు గిరాకీలో, 2021లో ఆ దేశపు తయారీదారులు సుమారు 6 లక్షల బళ్ళు పంపినప్పుడు, కొత్త బండి పైకప్పు కురుస్తోందనీ, అలమరలు ఊడుతున్నాయనీ కొన్నవారి నుంచి ఎన్నో ఫిర్యాదులు వచ్చాయి. తొందర ఎక్కడున్నా దాని ఫలితం అతుకుల్లోనే తేలుతుంది కనుక, మీ షెడ్డువారిని దసరాకో సంక్రాంతికో ఇచ్చెయ్యమని ఒత్తిడి చేయకు.

ఈ వారంలోనే ఒకసారి షెడ్డుకు వెళ్ళు. చట్రం వెల్డింగులన్నిటినీ ఫోనులో ఫోటోలు తీసుకో. వెల్డింగు కాలిన చోట జింక్ పూత పోతుంది. అక్కడ ప్రైమరు పూయకుండా అల్యూమినియం రేకు బిగిస్తే, మన ఉప్పుగాలికి ఇనుమూ అల్యూమినియమూ తగిలిన ప్రతిచోటా తెల్లటి పొడి రాలుతూ రేకు తినేస్తుంది. ఆ రెండు లోహాల మధ్య టేపో, సందులు మూసే జిగురులాంటి సీలెంటో తప్పనిసరిగా ఉండాలి. బయటి మేకులు, మరలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అడుగు, సముద్రం పక్కన 304 రకానికి కొన్నాళ్ళలోనే గోధుమరంగు మరకలు పడతాయి. బండి రాత్రింబగళ్ళు లాసన్స్ బే దగ్గర మీ ఇంటి ముందే ఉండబోతోంది కనుక ఈ ఖర్చుకు వెనుకాడవద్దు. తలపైన వచ్చే అలమరలకు చట్రంలోనే ఇనుప పట్టీ ముందుగా వెల్డు చేసి ఉంచారేమో కూడా చూడు. లోపలి ప్లైవుడ్ పలకకు మాత్రమే మరలు దిగిన అలమర, సామాను నిండాక మొదటి పెద్ద గతుకుకే ఊడి, కింద కూర్చున్నవారి తల మీద పడవచ్చు.

ప్లైవుడ్ విషయంలో నేను మరింత గట్టిగా చెప్తాను. షీటు మీద ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణపు ముద్ర ఉన్న, తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్డే వాడమని ఒప్పందంలో రాయించు. అక్కయ్యకు ఉబ్బసం ఉంది కాబట్టి జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వాయువు తక్కువగా వెలువడే శ్రేణి షీట్లే కావాలని అడుగు. 2005లో కత్రినా తుపాను తరువాత అమెరికా ప్రభుత్వం నిరాశ్రయులకు ఇచ్చిన ట్రైలర్లలో ఆ వాయువు ఎక్కువగా ఉండి, కళ్ళమంటలతోనూ ఊపిరాడకపోవడంతోనూ అనేక కుటుంబాలు బాధపడ్డాయి. పని పూర్తయ్యాక బండిని కిటికీలు మూసి ఒక మధ్యాహ్నం ఎండలో ఉంచి, తలుపు తీసి లోపలికి అడుగుపెట్టు. కళ్ళు మండి, ముక్కు ఘాటెక్కితే ఆ బండిలో అక్కయ్యను పడుకోబెట్టవద్దు. తలుపులన్నీ తెరిచి కొన్ని వారాలు గాలి తగలనిచ్చి, మళ్ళీ చూడాలి.

ఇక నీటి సంగతి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే కనుక ఇక్కడ కాస్త ఆగి చెప్తాను. పైకప్పులో ఏసీ కోసం, గాలి కిటికీ కోసం, సోలార్ తీగల కోసం కోసిన ప్రతి రంధ్రమూ నీటికి దారే. అంచుల కింద బ్యూటైల్ టేపు (మెత్తగా అంటుకునే రబ్బరు పట్టీ) పరిచి, మరలు బిగించి, పైన పాలీయురేథేన్ సీలెంటు పూయడం సరైన పద్ధతి. చాలాచోట్ల స్నానాలగదికి వాడే సిలికాన్ గొట్టం తెచ్చి పైపైన పూసేస్తారు. సిలికాన్‌లో కొన్ని రకాలు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేస్తాయి, వాటి ఆమ్లం లోహానికి చేటు. సిలికాన్ పూసిన చోట తరువాత మరే సీలెంటూ సరిగ్గా అంటుకోదు కూడా. షెడ్డులో ఏ గొట్టాలు ఖాళీ అయి పడి ఉన్నాయో చూస్తే ఏది వాడారో నీకే తెలుస్తుంది.

ఓడల్లో నీరు చొరకూడని అతుకులను కనీసం 12 మిల్లీమీటర్ల నాజిల్‌తో, 2 బార్లకు (బార్ అంటే సుమారుగా మామూలు గాలి పీడనమంత) తగ్గని పీడనంతో, 1.5 మీటర్లకు మించని దూరం నుంచి నీళ్ళు కొట్టి పరీక్షిస్తారు. కారవాన్‌కు అంత ధార అక్కరలేదు, తోటకు నీళ్ళు పెట్టే మామూలు గొట్టం చాలు. కార్లు కడిగే ప్రెషర్ యంత్రం మాత్రం వద్దు, అది మంచి రబ్బరు అంచును కూడా దాటి నీటిని లోపలికి నెడుతుంది. బయట నువ్వు కింది అతుకుతో మొదలుపెట్టి ఒక్కొక్కదాని మీద కొన్ని నిమిషాలు నిలిచి మెల్లగా పైకి వెళ్ళు. లోపల అల్లుడుగారు టార్చిలైటుతో కూర్చోవాలి. పైనుంచి మొదలుపెడితే జారిన నీరు అన్ని అతుకులనూ తడిపి, ఏది కారుతోందో తేలదు. ఈ పరీక్ష లోపలి పలకలు బిగించకముందు ఒకసారి, బండి పూర్తయ్యాక మరొకసారి జరగాలి. మొదటిసారి చేయడం ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణతో చెప్తాను. నాకు తెలిసిన ఒక కుటుంబం వేరే రాష్ట్రంలో చేయించుకున్న బండిలో, ఈశాన్య రుతుపవనాల వానలకు కిటికీ పైన నల్లటి మరక కనిపించింది. కిటికీ సీలును ఎన్నిసార్లు మార్చినా మరక పెరుగుతూనే వచ్చింది. చివరికి పలక విప్పి చూస్తే, నీరు అక్కడికి నాలుగడుగుల దూరంలో ఉన్న ఏసీ రంధ్రం దగ్గర దిగి, పైకప్పు పక్కటెముక వెంబడి పాకుతూ వచ్చి కిటికీ మూలన చుక్కలు కడుతోందని తేలింది. అప్పటికి ఆ పొడవునా ప్లైవుడ్ పొరలు విడిపోయాయి. పలక లేనప్పుడే పరీక్షించి ఉంటే ఆ లోపం అరగంట పని.

మన ఊళ్ళో వాన నిలువుగా పడుతుందని నమ్మకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజున మూసిన కిటికీల సందుల్లోంచి నీళ్ళు ఎలా చిమ్మాయో అక్కయ్యను అడుగు. అందుకే కిటికీలకు, తలుపు అంచులకు నీళ్ళు పక్కవాటుగా కూడా కొట్టి చూడాలి. ఒక తేమ మీటరు కూడా కొను, ఖరీదు పెద్దగా ఉండదు. చలిదేశాల్లో చెక్కలో తేమ 15 శాతం లోపు ఉంటే బాగున్నట్టు, 20 దాటితే అనుమానించాలని చెప్తారు. మన గాలిలోనే తేమ ఎక్కువ కనుక వానాకాలంలో మంచి చెక్క కూడా 15 దాటి చూపవచ్చు. కాబట్టి ఒకే అంకెను పట్టుకుని భయపడకుండా, బండంతా ఇరవై ముప్పై చోట్ల కొలిచి కాగితం మీద రాసిపెట్టుకో. మిగతావాటికంటే ఒకచోట బాగా ఎక్కువ చూపితే నీరు అక్కడికి చేరుతోందని అర్థం. ఆ కాగితాన్ని దాచి, ప్రతి వానాకాలం తరువాతా అవే చోట్ల మళ్ళీ కొలువు.

లోపలి నీళ్ళ గొట్టాలకు పరీక్ష తేలిక. ట్యాంకు నింపి, కుళాయిలన్నీ కట్టేసి, పంపు స్విచ్చి వేసి ఉంచి రాత్రి బండిలోనే పడుకోండి. ఎవరూ కుళాయి తిప్పకుండా పంపు తనంతట తాను మోగితే, ఎక్కడో నీరు కారుతోందన్నమాట.

విద్యుత్తు పనిలో నేను ముందు చూసేది ఫ్యూజు. బ్యాటరీ పాజిటివ్ తీగకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి, దూరంగా డబ్బాలో ఉన్న ఫ్యూజు ఆ మధ్యలోని తీగను కాపాడలేదు. రేకు రంధ్రంలోంచి వెళ్ళే ప్రతి తీగకూ రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు వలయం, గ్రోమెట్, ఉండాలి, లేకపోతే కుదుపులకు తొడుగు కోసుకుపోయి మంటలు లేస్తాయి. 12 వోల్టుల తీగలు ఇంటి తీగల లెక్కన సన్నగా వేస్తే సరిపోవు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీద, ఐదు మీటర్ల దూరంలో ఉన్న పరికరానికి 10 ఆంపియర్లు పంపితే, రానుపోను తీగలో ముప్పావు వోల్టు దాకా పోతుంది. ఫ్రిజ్ చల్లబడటం లేదని ఫ్రిజ్ కంపెనీని నిందించేవారిలో చాలామందికి అసలు రోగం అదే. బయటి 230 వోల్టుల సరఫరాకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉందో లేదో చూసి, దాని టెస్ట్ బటన్ నొక్కించు. గ్యాస్ గాలికంటే బరువు కనుక సిలిండరు పెట్టే అర అడుగున బయటికి తెరిచిన రంధ్రం ఉండాలి, ఆ అర లోపలి గదికి పూర్తిగా మూసుకుని ఉండాలి. అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి బుడగలు చూడండి.

తరువాత కాటా. ట్యాంకు నిండా నీళ్ళు, సిలిండరు, బట్టలు, వంటసామాను, మీరందరూ ఎక్కి బండిని లారీలను తూచే వేబ్రిడ్జికి తీసుకెళ్ళండి. మొత్తం బరువుతో ఊరుకోకుండా ముందు చక్రాలను, వెనుక చక్రాలను వేరువేరుగా తూయించి రశీదులు తీసుకోండి. లీటరు నీటికి కిలో బరువు కనుక 120 లీటర్ల ట్యాంకు వెనుక ఇరుసు దాటి పెడితే దాని ప్రభావం తేలికైనది కాదు. మొత్తం ఆర్‌సీలో రాసిన బరువు లోపే ఉన్నా, వెనుక ఇరుసు ఒక్కటే దాని పరిమితిని మించడం ఇలాంటి బళ్ళలో తరచుగా కనిపించే లోపం. టైరు పక్కన ఉన్న లోడ్ అంకె కూడా చూడు. 121 అని ఉంటే ఒక్క టైరు 1450 కిలోలు మోయగలదని అర్థం. చివరి నాలుగు అంకెల తేదీ ముద్ర చూస్తే టైరు ఏ సంవత్సరం, ఎన్నో వారంలో తయారైందో తెలుస్తుంది. కొత్త బండికి ఏళ్ళు నిలవున్న టైర్లు తగిలిస్తే ఒప్పుకోవద్దు.

ఘాట్ పరీక్షకు భీమిలి బీచ్ రోడ్డు పనికిరాదు, అది నునుపు. శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఎక్కి దిగండి. దారిలో వంద కిలోమీటర్ల లోపే ఒకచోట ఆగి చక్రాల నట్లు టార్క్ పానాతో (ఎంత బలంతో బిగించామో చూపే పానా) మళ్ళీ బిగించుకోండి. మలుపుల్లో సొరుగులు తెరుచుకుంటున్నాయా, అలమర ఏదైనా కిర్రుమంటోందా, దిగువలో బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతోందా అన్నది ఒకరు వెనుక కూర్చుని రాసుకోవాలి. తిరిగి వచ్చాక బండి కిందకి దూరి చూడగల మనిషిని పెట్టుకోండి. మల్కాపురం, సింధియా వైపు షిప్‌యార్డు పనిచేసి రిటైరైన ఫిట్టర్లు చాలామంది ఉన్నారు. వారిలో ఒకరికి రోజు కూలి ఇచ్చి తీసుకెళ్తే, నీళ్ళ ట్యాంకు పట్టీల దగ్గర నుంచి చూసి చెప్తారు.

కాగితాల విషయం క్లుప్తంగా చెప్తాను. మోటార్ కారవాన్లకు మన దేశంలో ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. మీ షెడ్డువారి నమూనాకు ఆ ఆమోదపత్రం ఉందో లేదో చూపించమని అడుగు. ఆర్‌సీలో వాహనం తరగతి మోటార్ కారవాన్ అని ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చడం చెల్లదు, ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా చిక్కు వస్తుంది. ఛాసీకి ఒక కంపెనీ వారంటీ, ఫ్రిజ్‌కు మరొకటి, ఏసీకి ఇంకొకటి ఇస్తాయి. లోపం బయటపడినప్పుడు ప్రతివారూ పక్కవాడి వైపు వేలు చూపిస్తారు. అందుకని అమరికలో వచ్చే ఏ లోపానికైనా బాడీ కట్టినవారే బాధ్యులని ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి. మొత్తం ధరలో కనీసం పదోవంతు పరీక్షల తరువాతే ఇస్తామని కూడా రాయించండి. కనిపించిన లోపాలను పనివాళ్ళ మీద కేకలు వేయకుండా, ఫోటోలతో సహా కాగితం మీద రాసి, షెడ్డు యజమాని సంతకం తీసుకోండి. మంచి మేస్త్రీ ఎవడైనా తన పనిని శ్రద్ధగా చూసేవారు వస్తే సంతోషిస్తాడు, అలాంటివాడితో మర్యాదగా మాట్లాడితే చెప్పనివి కూడా చూపిస్తాడు.

అయినా సరిచేయకపోతే 1915 నంబరుతో వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే ఊళ్ళోనే, అంటే విశాఖలోనే ఫిర్యాదు వేయవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 50 లక్షలు మించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ విచారిస్తుంది. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళలోపు వేయాలి, కాబట్టి "వచ్చే నెల చేస్తాం" అన్న మాటలతో కాలం గడవనివ్వకు.

ఒప్పందం చిత్తుప్రతినీ, చట్రం ఫోటోలనూ నాకు పంపితే చూసి ఎక్కడ ఏమి అడగాలో గుర్తులు పెట్టి పంపుతాను. పలకలు బిగించే తేదీ తెలిసిన వెంటనే కబురు చెయ్యి, ఆ రోజు నేనూ షెడ్డుకు వస్తాను. అల్లుడుగారికి, అక్కయ్యకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య