క్రిస్టల్ ఫిల్టర్ పోయిందని తేల్చేసే ముందు పక్కనున్న డయోడ్ దగ్గర వోల్టేజీ చూడండి

మీ ప్రశ్న చదవగానే మూడేళ్ల కిందట నేను పడ్డ అవస్థ గుర్తొచ్చింది. పాత హెచ్ఎఫ్ ట్రాన్సీవర్‌లో (షార్ట్‌వేవ్‌లో పంపి, వినే రేడియో) ఎస్ఎస్‌బి (మాటలు పంపే పద్ధతి) మీద ఎస్-మీటర్‌లో (సిగ్నల్ బలం చూపే మీటర్) ఎస్9తో వచ్చే స్టేషన్లు ఇప్పుడు ఎస్5, ఎస్6 దగ్గరే ఆగిపోతున్నాయనీ, సీడబ్ల్యూ (మోర్స్ కోడ్) నారో ఫిల్టర్ వేస్తే మాత్రం మామూలుగానే వస్తున్నాయనీ, క్రిస్టల్ ఫిల్టర్ (కావలసిన స్టేషన్‌ను మాత్రమే వదిలే భాగం) పోయినట్టేనా అనీ అడిగారు. మారు ఫిల్టర్ దొరకట్లేదని కూడా రాశారు. అచ్చం ఇదే లక్షణం నా రేడియోలోనూ వచ్చింది. ఫిల్టరే పోయిందని తీర్మానించుకుని దాన్ని బోర్డు నుంచి తీసేశాను, తీసేటప్పుడు ఒక ట్రాక్ కూడా లేచిపోయింది. నాలుగు నెలలు వెతికి, పాడైపోయిన ఇంకో సెట్‌లోంచి అదే రకం ఫిల్టర్ సంపాదించి బిగించాను. సిగ్నల్ అంతే వీక్‌గా ఉంది. అసలు ఫిల్టర్ నిక్షేపంగా ఉందని అప్పుడు తెలిసింది. అందుకే చెప్తున్నా, ఇప్పుడే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకండి.

ఫిల్టర్ అనే ఆ రేకు డబ్బాలో ఉండేది కొన్ని క్వార్ట్జ్ పలకలు, కొన్ని కెపాసిటర్లు. దాంట్లో డీసీ కరెంటు పారదు, వేడెక్కదు. రేడియో కింద పడితేనో, డీసీ వోల్టేజీ నేరుగా దాని మీదికి వస్తేనో తప్ప అంత తేలిగ్గా పాడవదు. పాడయ్యేవి దాని చుట్టూ ఉండే చిన్నచిన్న భాగాలే. స్విచింగ్ డయోడ్లు (సిగ్నల్ ఏ ఫిల్టర్‌లోకి వెళ్లాలో ఎంచే స్విచ్‌లు), వాటికి బయాస్ (తెరుచుకోవడానికి కావలసిన డీసీ) ఇచ్చే రెసిస్టర్లు, బైపాస్ కెపాసిటర్లు (రేడియో సిగ్నల్‌ను గ్రౌండ్‌కు పంపేవి), ఐఎఫ్ (రేడియో లోపలి మధ్య ఫ్రీక్వెన్సీ) ట్రాన్స్‌ఫార్మర్లు, పగిలిన సోల్డర్ జాయింట్లు. నా అనుభవంలో ఇప్పటిదాకా నాలుగు రేడియోల్లో ఇలాంటి ఫిర్యాదు చూశాను, నిజంగా ఫిల్టర్ పోయింది ఒక్కదాంట్లోనే.

మీరు రాసిన దాంట్లోనే పెద్ద ఆధారం ఉంది. సీడబ్ల్యూ ఫిల్టర్‌తో సిగ్నల్ బాగుందంటే యాంటెన్నా నుంచి మిక్సర్ దాకా, ఫిల్టర్ల తర్వాత ఐఎఫ్ ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్ దాకా అంతా బాగున్నట్టే. రెండు ఫిల్టర్లకూ దారి విడిపోయే చోటుకీ, మళ్లీ కలిసే చోటుకీ మధ్యలోనే లోపం ఉంది. ఒక్కటి మాత్రం సరిచూసుకోండి. రెండు ఫిల్టర్లనూ ఒకే స్థిరమైన సిగ్నల్‌తో పోల్చారా? గాలిలో వచ్చే స్టేషన్ ఫేడింగ్‌తో నిమిషానికోలా ఉంటుంది. మీ రేడియోలో 25 లేదా 100 కిలోహెర్ట్జ్ మార్కర్ (రేడియో లోపలే స్థిరమైన సిగ్నల్ ఇచ్చేది) ఉంటే అది వేసి, ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ డయల్‌ను అటూ ఇటూ కదిపి మీటర్ ఎక్కువ చూపించే చోట రీడింగ్ రాసుకోండి. క్యారియర్ ఆసిలేటర్ (ఎస్ఎస్‌బిని మళ్లీ మాటగా మార్చడానికి కావలసిన సిగ్నల్ ఇచ్చేది) ఫ్రీక్వెన్సీ జరిగిపోయిందేమో అని కొందరు సలహా ఇస్తారు. అలా జరిగితే గొంతు సన్నగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది గానీ ఎస్-మీటర్ పడిపోదు. మీటర్‌కు సిగ్నల్ ప్రొడక్ట్ డిటెక్టర్‌కు (ఐఎఫ్‌ను శబ్దంగా మార్చే భాగం) ముందే, ఐఎఫ్‌లోంచి వెళ్తుంది కాబట్టి. మీకు మీటరే పడిపోయింది.

లెక్క ప్రకారం ఒక్కో ఎస్ యూనిట్‌కు 6 డెసిబెల్స్. మూడు యూనిట్లు పోయాయంటే 18 డెసిబెల్స్, అంటే వోల్టేజీలో ఎనిమిదో వంతే మిగిలిందన్నమాట. పాత మీటర్లు ఈ లెక్కను కచ్చితంగా పాటించవు, కిందివైపు యూనిట్‌కు 3, 4 డెసిబెల్సే ఉండటం మామూలే. అయినా నష్టం పెద్దదే. 8 క్రిస్టల్స్ ఉన్న మంచి ఎస్ఎస్‌బి ఫిల్టర్ తనంతట తాను తినేది 3 నుంచి 6 డెసిబెల్స్.

ఇంకో పరీక్ష, దీనికి మూత కూడా తీయక్కర్లేదు. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (పవర్‌ను వేడిగా మార్చే రెసిస్టర్) పెట్టి ఎస్ఎస్‌బిలో మాట్లాడి పవర్ చూడండి. ఇలాంటి చాలా సెట్లలో పంపేటప్పుడూ, వినేటప్పుడూ ఒకే ఫిల్టర్ పని చేస్తుంది. నా 100 వాట్ల సెట్ మైక్ గెయిన్ చివరిదాకా తిప్పినా 10 వాట్లు దాటలేదు. రెండూ పడిపోతే లోపం రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఉంది. పవర్ బాగుండి రిసెప్షన్ మాత్రమే వీక్ అయితే మాత్రం ఫిల్టర్‌నూ దాని డయోడ్లనూ వదిలేసి, రిసీవర్ వైపు దారి వెతకాలి.

ఇక నా రేడియోలో దొరికింది ఏమిటంటే. ఫిల్టర్‌కు రెండు వైపులా ఒక్కో 1ఎన్4148 డయోడ్. ఎస్ఎస్‌బి ఎంచుకుంటే 8 వోల్టుల లైన్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, చోక్ (రేడియో సిగ్నల్‌ను ఆపే తీగ చుట్ట) మీదుగా డయోడ్ యానోడ్‌కు కరెంటు వస్తుంది. క్యాథోడ్ నుంచి 470 ఓమ్స్ ద్వారా గ్రౌండ్‌కు వెళ్తుంది. లెక్క కడితే 5 మిల్లీఆంప్స్, క్యాథోడ్ దగ్గర సుమారు 2.3 వోల్టులు, యానోడ్ దగ్గర 3 వోల్టులు ఉండాలి. మల్టీమీటర్ నల్ల తీగ చాసిస్‌కు పెట్టి చూశాను. అవుట్‌పుట్ వైపు డయోడ్ దగ్గర సరిగ్గా అలాగే ఉంది. ఇన్‌పుట్ వైపు యానోడ్ దగ్గర 0.4 వోల్టులే, క్యాథోడ్ దగ్గర దాదాపు సున్నా. డయోడ్ తెరుచుకోనే లేదు, అంటే సిగ్నల్‌కు దారి ఇవ్వట్లేదు! తీసి చూస్తే డయోడ్ బాగుంది. రేడియో ఆఫ్ చేసి ఆ యానోడ్ నుంచి గ్రౌండ్‌కు రెసిస్టెన్స్ కొలిస్తే 50 ఓమ్స్ చిల్లర వచ్చింది. అదే చోట సీడబ్ల్యూ వైపు కిలో ఓమ్స్‌లో ఉంది. చోక్ మొదట్లో 0.01 మైక్రోఫారడ్ బైపాస్ కెపాసిటర్ ఒకటి ఉంది, పైకి మచ్చ కూడా లేదు. దాని ఒక కాలు లేపి రేడియో ఆన్ చేశాను. మీటర్ 3.0 చూపించింది, అదే క్షణంలో స్పీకర్‌లో బ్యాండ్ ఒక్కసారిగా గలగలా నిండిపోయింది. ఆ కెపాసిటరే లీకై డయోడ్‌కు రావలసిన వోల్టేజీని గ్రౌండ్‌కు లాగేస్తోంది. ఆ శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది.

డయోడ్ మూసుకుంటే అసలు ఏమీ వినిపించకూడదు కదా అని మీకు అనిపించవచ్చు. నన్నూ తప్పుదారి పట్టించింది ఇదే. మూసుకున్న డయోడ్ ఒక చిన్న కెపాసిటర్‌లా పని చేస్తుంది. 9 మెగాహెర్ట్జ్ ఐఎఫ్ దగ్గర 2 పీకోఫారడ్ అంటే సుమారు 8,800 ఓమ్స్ అడ్డు. అటూ ఇటూ 500 ఓమ్స్ ఉన్న సర్క్యూట్‌లో అది 19 డెసిబెల్స్ నష్టం. మీరు చెప్పిన మూడు ఎస్ యూనిట్లకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. బలమైన స్టేషన్లు దూరి వచ్చేస్తాయి, వీక్ స్టేషన్లు మాయమైపోతాయి. వినేవాళ్లకు అచ్చం ఫిల్టర్ ముసలిదైపోయినట్టే అనిపిస్తుంది.

కాబట్టి ఫిల్టర్‌కు రెండు వైపులా యానోడ్, క్యాథోడ్ వోల్టేజీలు కొలవండి. డయోడ్ తెరుచుకుంటే రెండింటి మధ్య 0.6 నుంచి 0.75 వోల్టుల తేడా ఉంటుంది. మీటర్ తీగ సర్క్యూట్‌ను కలవరపెట్టకుండా దాని కొసకు 10 కిలో ఓమ్ రెసిస్టర్ తగిలించండి, డిజిటల్ మీటర్ రీడింగ్‌లో తేడా రాదు. అనుమానం ఉన్న డయోడ్ మీద 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను ఒక్క క్షణం అడ్డంగా ఆనించి చూడండి. సిగ్నల్ ఎగిరి లేస్తే దొరికినట్టే. ఫిల్టర్ మొత్తానికి అడ్డంగా పెట్టి చూసేవాళ్లున్నారు. అలా చేస్తే బాగున్న ఫిల్టర్‌లో కూడా సిగ్నల్ కొంచెం పెరుగుతుంది, నాయిస్ ఇంకా పెరుగుతుంది. దాన్ని చూసి ఫిల్టర్ పోయిందనుకోకండి.

వోల్టేజీలన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు ఫిల్టర్ సంగతి. నానోవీఎన్ఏ (ఫిల్టర్ గ్రాఫ్ గీసి చూపే చిన్న పరికరం) ఉంటే పని సులువు, కానీ 50 ఓమ్స్ పోర్టును నేరుగా తగిలిస్తే గ్రాఫ్ ఎగుడుదిగుడుగా వచ్చి భయపెడుతుంది. 500 ఓమ్స్ ఫిల్టర్ అయితే రెండు వైపులా 450 ఓమ్స్ సిరీస్‌లో పెట్టండి, దొరికే 470 అయినా పర్వాలేదు. ఈ రెసిస్టర్ల వల్లే 20 డెసిబెల్స్ పోతాయి, కాబట్టి మీటర్ మైనస్ 25 చూపిస్తే ఫిల్టర్ నష్టం 5 మాత్రమే. స్పాన్ (గ్రాఫ్ చూపే ఫ్రీక్వెన్సీ వెడల్పు) 10, 20 కిలోహెర్ట్జ్ మించకుండా, స్వీప్ నెమ్మదిగా ఉంచండి. నేను చూసిన ఆ ఒక్క నిజమైన కేసులో రేడియో బల్ల మీంచి పడింది. గ్రాఫ్‌లో పాస్‌బ్యాండ్ (ఫిల్టర్ వదిలే భాగం) మధ్యలో లోతైన గుంట, ఒక వైపు గోడ పూర్తిగా కూలిపోయి ఉంది. పెన్సిల్ వెనక భాగంతో డబ్బాను మెల్లగా తడితే సిగ్నల్ వస్తూ పోతూ ఉండేది. మీ ఫిల్టర్‌ను తడితే మార్పు వస్తే ముందు డబ్బా గ్రౌండ్ కాళ్ల దగ్గర సోల్డర్‌ను కొత్తగా వేయండి, చాలాసార్లు అక్కడే తీరిపోతుంది.

ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఒక్క మాట. మీ సీడబ్ల్యూ ఫిల్టర్‌కూ అదే ట్రాన్స్‌ఫార్మర్ వాడుతుంటే దాన్ని అనుమానించక్కర్లేదు. ఎస్ఎస్‌బి దారిలో విడిగా ఉంటే కోర్ ఎంత తిప్పినా పీక్ రాకపోతే అడుగున ఉండే సన్నటి గొట్టం కెపాసిటర్ మీద వెండి పూత నల్లబడి ఉంటుంది. దాన్ని తీసేసి అదే విలువ ఉన్నదాన్ని బయట వేయాలి. కారణం తెలియకుండా మాత్రం కోర్‌లు తిప్పకండి, తర్వాత మళ్లీ సరిచేసుకోవడం పెద్ద పని.

ఆ నాలుగు వోల్టేజీలు, డమ్మీ లోడ్ మీద ఎస్ఎస్‌బి పవర్ ఎంతో ఇక్కడే రాయండి. రెండు డయోడ్లలో ఏ వైపుది మూసుకుందో తెలిస్తే తర్వాత ఏ భాగం కాలు లేపి చూడాలో చెప్పగలను.