ఇంట్లో సొంత క్లౌడ్ పెట్టుకోండి, మెయిల్ మాత్రం వద్దు

మహబూబాబాద్‌లో ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ మీద సొంత క్లౌడ్ (ఫోటోలు, ఫైళ్లు దాచుకునే సర్వర్), సొంత మెయిల్ సర్వర్ రెండూ నడపొచ్చా అని అడిగారు. నేను రెండూ చేసి చూశాను. క్లౌడ్ నాలుగేళ్లుగా నడుస్తోంది. మెయిల్‌ను ఎనిమిది నెలలకు తీసేశాను.

నాది హనుమకొండలో శుభలేఖలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే చిన్న షాపు. గూగుల్ ఫోటోస్‌లో ఉచిత అన్‌లిమిటెడ్ స్టోరేజీ 2021 జూన్ 1 నుంచి ఆగిపోయింది. ఇంటి ఫోటోలకూ షాపు ఫైళ్లకూ కలిపి ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఏ మూలకు? పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ (ఒక రకం లినక్స్) వేసి, ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో నడిపే డాకర్‌లో, సొంత క్లౌడ్ నడిపే నెక్స్ట్‌క్లౌడ్ పెట్టాను. అక్కడిదాకా ఒక ఆదివారం పని.

షాపు నుంచి ఇంటి సర్వర్ తెరుచుకోకపోతే రెండు రోజులు పోర్ట్ ఫార్వర్డింగ్‌తో (బయటి నుంచి వచ్చేవాటిని రౌటర్ ఇంటి సర్వర్‌కు పంపే సెట్టింగ్) కుస్తీ పట్టాను. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ మన రౌటర్‌కు ఇచ్చే అడ్రసు) చూస్తే 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 మధ్య కనిపిస్తే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే, అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతున్నారు. అప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. సొంత పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికే సర్వర్) ఒకటి తీసుకుని, ఇంటి నుంచి దానికి వైర్‌గార్డ్‌తో టన్నెల్, అంటే రహస్య దారి, వేశాక పని అయింది. వాడేది మీ ఇంట్లోవాళ్లే అయితే, ఇలాంటి దారినే తానే వేసే టెయిల్‌స్కేల్ యాప్ చాలు.

ఇక మెయిల్. రావడం పెద్ద సమస్య కాదు. కరెంటు పోయి మన సర్వర్ ఆగినా, పంపినవాళ్ల సర్వర్ మామూలుగా కొన్ని రోజులపాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. చిక్కంతా పంపడంలోనే. ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మెయిల్ వెళ్లే పోర్ట్ 25 చాలా ఇంటి కనెక్షన్లలో మూసి ఉంటుంది. మెయిల్ నిజంగా మనదేనని చూపే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మన డొమైన్‌లో (మన సొంత వెబ్ పేరులో) మనమే పెట్టుకోవచ్చు, కానీ ఐపీ నుంచి పేరు చెప్పే రివర్స్ డీఎన్ఎస్ మాత్రం ఐపీ ఎవరిదో వాళ్లే పెట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఇవన్నీ ఇంకా గట్టిగా చూస్తోంది.

అందుకే మెయిల్‌ను ఆ వీపీఎస్ మీద పెట్టాను. అన్నీ సరిచేశాను, టెస్ట్ సైట్‌లో 10కి 10 వచ్చింది. ఆ సంబరంలో ఒక స్కూలుకు వార్షికోత్సవం ఫ్లెక్సీల కొటేషన్ పంపాను. అది స్పామ్‌లో పడింది. వాళ్లు చూసుకునేసరికి పని ఇంకొకరికి వెళ్లిపోయింది. వీపీఎస్ ఐపీ మనకు రాకముందు ఎవరి చేతిలో ఉందో, దాంతో ఏం పంపారో మనకు తెలియదు. అవతలి సర్వర్ మాత్రం ఆ పాత లెక్క కూడా చూస్తుంది. మెయిల్ సర్వర్ ప్రోగ్రాం పోస్ట్‌ఫిక్స్‌ను ఎంత బాగా నేర్చుకున్నా ఆ ఐపీకి వచ్చిన చెడ్డపేరు మనం మార్చలేం. ఇప్పుడు డొమైన్ నాదే, మెయిల్ నడపడానికి మాత్రం ఒక కంపెనీకి ఏటా డబ్బు కడుతున్నాను. టెన్షన్ లేదు.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. రెండు డిస్కులు మిర్రర్‌లో (ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ అప్పుడే పడేలా) పెట్టి, బ్యాకప్ ఉందిలే అనుకున్నాను. ఒక రాత్రి నిద్రమత్తులో టెర్మినల్‌లో ఒక ఫోల్డర్ చెరిపాను. రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోయింది, మిర్రర్ పనే అది. ఇప్పుడు రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాంతో రోజూ ఒక యూఎస్‌బీ డిస్కుకు కాపీ అవుతుంది. ఇంకో డిస్కు పరకాలలో మా అత్తగారింట్లో ఉంటుంది, నెలకోసారి మారుస్తాను. 2023 జులై వరదల్లో హనుమకొండ వీధులు మునగడం చూశాక, సర్వర్‌ను కూడా నేల మీది నుంచి తీసి సజ్జ మీదికి ఎక్కించాను.

కరెంటు ఖర్చు కూడా లెక్కేసుకోండి. నా పాత డెస్క్‌టాప్ ఊరికే ఉన్నా 60 వాట్లు తాగేది, నెలకు 43 యూనిట్లు. దాని బదులు 10 వాట్ల మినీ పీసీ కొన్నాను, ఇప్పుడు ఏడు యూనిట్లే. ఫైబర్ రౌటర్‌ను కూడా ఇన్వర్టర్ లైను మీదే పెట్టండి. కోతులు కేబుల్ తెంపితే మాత్రం ఇన్వర్టర్ ఏమీ చేయలేదు, మా వీధిలో అది రెండుసార్లు జరిగింది.

నెక్స్ట్‌క్లౌడ్ అప్‌గ్రేడ్‌లో పెద్ద వెర్షన్లు దాటేయడం కుదరదు, ఒక్కో మెట్టే ఎక్కాలి. ఏడాదిపాటు ముట్టుకోకుండా వదిలేయకండి.

ముందు మీ రౌటర్‌లో వ్యాన్ ఐపీ చూసి, అందులో మొదటి రెండు భాగాలు (100.72 లాగా) మాత్రం ఇక్కడ రాయండి. టన్నెల్ కావాలో వద్దో దాన్ని బట్టి చెప్తాను.