ఉప్పెన తీరానికి వెళ్తున్న పాపకు

ప్రొద్దుటూరు

చిరంజీవి పాపకు, పెద్దనాయన ఆశీస్సులు.

నాగాయలంక వైపు సముద్రపు ఒడ్డు ఊళ్లలో, తుఫాను రాకముందే జనాన్ని సిద్ధం చేసే పనికి నువ్వు ఒప్పుకున్నావనీ, వచ్చే నెలలోనే చేరబోతున్నావనీ మీ నాయన నిన్న రాత్రి ఫోన్లో చెప్పాడు. ఆ మాట విన్న తర్వాత నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. 2021లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడినప్పుడు, నువ్వు ఇంట్లో చెప్పకుండా స్నేహితురాళ్లతో పులపత్తూరుకు వెళ్లి, ఇళ్లలో పేరుకుపోయిన ఇసుక ఎత్తిపోసి, అరచేతులు బొబ్బలెక్కి తిరిగి వచ్చావు. ఆ రోజు నిన్ను అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే. రాత్రి నీ చేతులకు వెన్న రాసి, నువ్వు నిద్రపోయేదాకా పక్కన కూర్చున్నదీ నేనే. ఆ కట్ట తెగింది నవంబరు 19న. అంతకు 44 ఏళ్ల కిందట, 1977లో, అదే తేదీన దివిసీమను ఉప్పెన ముంచింది. ఆ తేదీ వస్తే నేనెందుకు ముభావంగా ఉంటానో నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నువ్వు వెళ్తున్నది ఆ నేలకే కాబట్టి చెప్పక తప్పదు.

ముందు ఒక్క మాట. మనం మెట్టనేల వాళ్లం. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని వార్త వస్తే మన రైతు ఆశగా మబ్బుల వైపు చూస్తాడు. చెరువులోకి నాలుగు నీళ్లు వస్తాయనీ, ఎండిన బోరు మళ్లీ పోస్తుందనీ అనుకుంటాడు. అదే వార్త వింటే అక్కడి వాళ్లు పడవలు గట్టుకు లాగి, వేటకు పోయిన వాళ్లు ఇంకా ఎవరెవరు రావాలో లెక్క చూసుకుంటారు. ఈ తేడా నీ ఒంటికి పట్టేదాకా వాళ్ల ముందు వాన గురించి సంబరంగా మాట్లాడవద్దు.

టార్చిలైటు, మందులు, ప్లాస్టిక్ సంచిలో సర్టిఫికెట్లు సర్దుకోమని నీకు నేను చెప్పనక్కరలేదు.

వాన వేరు, ఉప్పెన వేరు. తుఫాను గాలి సముద్రాన్ని ఒడ్డు వైపు తోసుకుంటూ వస్తుంది. కృష్ణా డెల్టా దగ్గర సముద్రం లోతు తక్కువ కాబట్టి ఆ నీటికి కిందికి పోయే దారి లేక నేల మీదికి ఎక్కుతుంది. అది పోటు వేళకు తోడైతే ఇక చెప్పేదేమీ ఉండదు. 1977లో నీళ్లు దాదాపు ఐదు మీటర్ల ఎత్తున వచ్చాయి, పది వేలకు పైగా మనుషులు పోయారు. అప్పుడు కబురు చేరడానికి రేడియో తప్ప దిక్కు లేదు, పరుగెత్తి ఎక్కడానికి గట్టి మేడ లేదు. 1990 మే నెలలో మచిలీపట్నం తీరం మీదికి మళ్లీ అంతటి తుఫానే వచ్చినా, లక్షల మందిని ముందే తరలించినందువల్ల పోయినవారి సంఖ్య వెయ్యి దాటలేదు. నువ్వు చేయబోయే పని విలువ ఎంతో ఆ రెండు సంవత్సరాల మధ్య తేడాలోనే ఉంది. నిన్ను వెళ్లవద్దని అనలేకపోతున్నది కూడా అందుకే.

నీకు చిన్నప్పటి నుంచి సముద్రమంటే పిచ్చి. దయచేసి విను: ప్రమాద సూచిక ఎగరేసిన తర్వాత అలలు చూడటానికీ, ఫోటో తీయడానికీ ఒడ్డుకు వెళ్లావని తెలిస్తే నేను ఈ వయసులో బస్సెక్కి వచ్చి నిన్ను ఇంటికి తీసుకుపోతాను. నా భయం గాలి హోరు గురించి కాదు, అది ఆగిపోయే సమయం గురించి. తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా తెరిపి ఇస్తుంది, ఆకాశం కూడా కొంచెం తేటపడవచ్చు. గండం గడిచిందని జనం గొడ్లను చూసుకోవడానికి బయటికి వస్తారు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి అంతే గాలి లేస్తుంది. ఆ వేళలో, జనం తలదాచుకున్న తుఫాను షెల్టరు తలుపుకు అడ్డంగా నిలబడు. పెద్దవాళ్లు తిట్టినా కదలవద్దు.

షెల్టరు అన్నాను కదా, ఊరు చేరిన మొదటి రోజే దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కో. భవనం ఉండి, తాళం ఉన్న మనిషి పొరుగూరు పెళ్లికి పోతే ఆ భవనం లేనట్టే. లోపల నీళ్లున్నాయా, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా చూడు. చీకట్లో వందమంది మగవాళ్ల మధ్య ఆ వసతి లేక ఇంటి దగ్గరే ఉండిపోయే ఆడవాళ్లుంటారు. ఆ సంగతి వాళ్లు నీకు చెబుతారు గానీ అధికారులకు చెప్పరు.

ఇక నా తప్పు సంగతి. నాకప్పుడు 23 ఏళ్లు, కొత్తగా పంతులు ఉద్యోగం. ఉప్పెన వచ్చిన తొమ్మిదో రోజున మా బడి పంతుళ్లం నలుగురం ఊళ్లో వసూలు చేసిన బియ్యం, కందిపప్పు, దుప్పట్లు లారీకెత్తించుకొని వెళ్లాం. అవనిగడ్డ దాటిన తర్వాత లారీలో ఎవరూ మాట్లాడలేదు. తాటిచెట్ల మట్టలకు గడ్డి, చీరపేలికలు చిక్కుకొని వేలాడుతున్నాయి. నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో మాకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. నా చేతిరాత బాగుంటుందని జాబితా రాసే పని నాకిచ్చారు. ఒక బల్ల, ఒక నోటు పుస్తకం, ఒక ఎర్ర పెన్సిలు. వరుసలో వచ్చిన ప్రతివారినీ ఒకటే ప్రశ్న అడగాలి: ఇంట్లో ఎంతమంది?

మధ్యాహ్నానికి బస్తాలు తగ్గిపోతున్నాయి, వరుస మాత్రం తరగడం లేదు. ఒక ముసలామె వచ్చింది. అడిగితే "ఏడుగురం" అంది. ఏడు అని రాశాను. పక్కన సాయం చేస్తున్న ఆ ఊరి కుర్రవాడు వంగి, ఆమె ఒక్కతే మిగిలిందని నా చెవిలో చెప్పాడు. ఆ మాట విన్నవాడు ఎవడైనా లేచి ఆమె చేయి పట్టుకునేవాడు. నేను ఆ ఏడును ఎర్ర పెన్సిలుతో రెండుసార్లు కొట్టివేసి, పక్కన ఒకటి వేసి, వరుసలో అందరికీ వినబడేలా "ఒక్క మనిషివి, ఏడుగురి బియ్యం అడుగుతావా అవ్వా?" అన్నాను. ఆమె బదులు చెప్పలేదు. కొంగు పట్టింది. ఒకరి బియ్యం పోశారు. వాటి వైపు కాసేపు చూసి, కొంగు మూలను మెల్లగా ముడి వేసుకొని వెళ్లిపోయింది.

రాత్రి బడి వరండాలో పడుకున్న తర్వాత గాని నాకు తెలిసిరాలేదు. ఆమె అబద్ధం చెప్పలేదమ్మా. ఎన్నో ఏళ్లుగా ఆ ప్రశ్నకు ఏ జవాబు చెబుతూ వచ్చిందో అదే చెప్పింది. తొమ్మిది రోజుల్లో ఆమె నోటికి కొత్త అంకె రాలేదు. తెల్లవారగానే వెతుక్కుంటూ వెళ్లాను. బంధువులెవరో వచ్చి తీసుకుపోయారన్నారు, ఏ ఊరికో ఎవరూ చెప్పలేకపోయారు. తర్వాత 35 ఏళ్లు పిల్లల లెక్కలు దిద్దాను. ఎర్ర సిరాతో ఒక అంకె కొట్టివేసినప్పుడల్లా ఆ కొంగు ముడి కళ్ల ముందుకు వచ్చింది. మీ పెద్దమ్మకు కూడా ఈ సంగతి చెప్పలేదు.

కాబట్టి పాపా, జాబితా ఇప్పుడే రాయి. సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు, పిల్లలు వాకిట్లో ఆడుకుంటున్నప్పుడు ఇంటింటికీ వెళ్లి కూర్చొని, ఎంతమందో, నడవలేని వాళ్లెవరో, నెలలు నిండిన వాళ్లెవరో, వేటకు పోయే వాళ్లెవరో, ఏ పడవలో పోతారో అన్నీ రాసుకో. ఒక ప్రతి నీ దగ్గర, ఇంకొకటి ఊరికి దూరంగా గట్టి చోట ఉంచు. అప్పుడు తుఫాను వెళ్లిన మరునాడు ఎవరినీ ఆ ప్రశ్న అడగవలసిన అగత్యం నీకు కలగదు. ఎంతమంది ఉన్నారని కాదు, "ఇప్పుడు నీ దగ్గర ఎవరున్నారమ్మా" అని అడుగు. జవాబు వచ్చేదాకా ఆగు, వెనక వరుస ఎంత పొడవున్నా సరే.

తర్వాతి పనుల్లో నీళ్లే మొదటివి. మన వైపు బావిలో పూడిక తీసేటప్పుడు అడుగంటా తోడేస్తాం. అక్కడ ఉప్పెన పడ్డ బావిని అలా ఒక్కపెట్టున ఖాళీ చేస్తే అడుగు నుంచి ఇంకా ఉప్పునీరు ఊరుతుంది. కొంచెం కొంచెంగా తోడించి, బ్లీచింగ్ వేయించు. అంతవరకూ తాగడానికి నీళ్ల ట్యాంకర్లు వస్తున్నాయో లేదో చూడు. పొలాల్లో మంచినీళ్లు నిలిపి, కలియదున్ని, బయటికి వదిలి, మళ్లీ నిలిపితే గాని ఉప్పు దిగదు. పాత బట్టలు పంపుతామని మన ఊరి వాళ్లు ఫోను చేస్తే వద్దని గట్టిగా చెప్పు. ఆనాడు రోడ్డు పక్కన వానకు తడిసి కుళ్లిపోయిన బట్టల కుప్పలు నేను చూశాను. వలలకు, పడవలకు డబ్బు కావాలని చెప్పు. వల పోయిన ఇంట్లో బియ్యం పది రోజులే వస్తుంది.

మీ పెద్దమ్మ నీకోసం శెనక్కాయల పొడి కొట్టి డబ్బాలో పెట్టింది. ఆదివారం నేను కడప బస్టాండుకు తెచ్చి ఇస్తాను. నువ్వు చేరిన రోజు రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చేసి, షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉందో నాకు చెప్పు.

ఇట్లు,
నీ పెద్దనాయన